బావి పంపులో బిగిసిపోయిన ఇంపెల్లరును ఊడదీసి క్రొత్తది అమర్చు విధము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులు పూర్వము బావినీటిని కపిలతో తోడుచుండిరి. ఎద్దులు వాలుబాటను దిగినకొలది బాన పైకి వచ్చెడిది. మోకు తెగినచో క్రొత్తది పేనుకొనుటయు, తోలు తొండము చినిగినచో కుట్టించుకొనుటయు ప్రతి యింటివారికిని తెలిసియుండెను. 20వ శతాబ్దపు మొదటి దశకమున మద్రాసు రాజధానిలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ దొర నూనె ఇంజనులతో నడుచు పంపులను బావులకు అమర్పించి వాని ప్రయోజనమును చూపెను. పిమ్మట విద్యుత్తు పంపులు వచ్చి కపిల మూలబడెను. కాని కపిల మరమ్మతు తెలిసినట్లు పంపు మరమ్మతు మనలో పెక్కురకు నేటికిని తెలియదు.

ఇందువలని నష్టము చిన్నది కాదు. టమాట పూతమీద నున్న దినములలో నీరు తప్పినచో పూత రాలును. దీనిని వ్రాయుచున్న నేనును ఒకమారు ఇట్లు నష్టపడితిని. మా బావి పంపు వానకాలమంతయు ఊరకుండి, కార్తికమాసమున మీట వేయగా కదలలేదు. తొందరపడి సమ్మెటతో రెండు దెబ్బలు కొట్టితిమి. ఇంపెల్లరు అంచు పగిలెను, షాఫ్టు వంగెను. నూనె పోసి ఒక రాత్రి ఓర్చియుండినచో తీరిపోవు పనికి పంపు పది దినములు మరమ్మతు అంగడిలో పడియుండెను. ఆ పది దినములలో పూత రాలిపోయెను. బిగిసినదానిని బలముతో గాక ఓర్పుతో వదలింపవలెనని చెప్పుటయే ఈ పత్రము యొక్క ఉద్దేశము.

ఇందు చెప్పబడునది దిగుడు బావులకును నీటికుంటలకును అమర్చు మోనోబ్లాక్ పంపును గూర్చి మాత్రమే. బోరులోనికి దించు సబ్‌మెర్సిబుల్ పంపులో పెక్కు ఇంపెల్లరులు ఒకదానిపై నొకటి వరుసగా నుండును. దానిని పనివానికే అప్పగించుట మేలు.

1. ఇంపెల్లరు ఎందుకు బిగియును?

ఇంపెల్లరనగా పంపు గుల్లలో తిరుగు రెక్కల చక్రము. నీరు దాని నడిమి కంటిలో ప్రవేశించి, రెక్కలచే విసరబడి, అంచునుండి వెలువడును. సాధారణమైన బావి పంపులో అది నిమిషమునకు సుమారు 2,900 మారులు తిరుగును. చక్రమునకును గుల్లకును నడుమ విడువబడు ఎడము మిక్కిలి స్వల్పము. పంపు నెలలకొలది ఊరకున్నచో ఆ యెడమున తుప్పు పట్టును, ఉప్పునీటి బావులలో సున్నపు పొర పేరుకొనును. ఫుట్‌వాల్వు జల్లెడ చినిగినచో పుల్లలును గులకరాళ్లును చొచ్చి రెక్కలను అడ్డగించును.

అప్పుడు మోటారు రొద చేయును గాని తిరుగదు. తిరుగని మోటారు మామూలుకంటె అయిదారు రెట్లు కరెంటును లాగును. కొద్దిసేపటిలోనే దాని చుట్టు కాలిపోవును. కావున రొద వినబడిన తక్షణమే మీట తీయవలెను. మరల మరల వేసి చూడరాదు.

2. మొదట విద్యుత్తును తొలగింపవలెను

స్టార్టరును ఆపినంత మాత్రమున చాలదు. మన పొలములలో ఆటో స్టార్టర్లు విస్తారముగ నున్నవి. పోయిన కరెంటు తిరిగి వచ్చినప్పుడు అవి మోటారును తమంతట తామే నడుపును. ఆ సమయమున చేయి రెక్కల నడుమ నున్నచో వ్రేళ్లు దక్కవు. కావున మెయిను ఆపి, మూడు ఫ్యూజులను ఊడబెరికి, పని ముగియువరకు వానిని పనిచేయువాడే తన జేబులో నుంచుకొనవలెను. తరువాత టెస్టరుతో చూడవలెను. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఫ్యూజులను మాత్రము రైతులు ముట్టరాదు.

3. బిగిసినది ఇంపెల్లరేనా?

మూడు ఫేజులలో ఒకటి రానప్పుడును మోటారు ఇట్లే రొద చేయును. కావున ఫ్యూజులు కాలినవా యని ముందుగ చూడవలెను. పిమ్మట మోటారు వెనుకటి మూతను తీసి, గాలిరెక్కను చేతితో మెల్లగ త్రిప్పి చూడవలెను. కొంచెము తిరిగి టక్కున ఆగినచో లోపల రాయియో పుల్లయో యుండును. గరగరమనుచు బరువుగ తిరిగినచో బేరింగు చెడినదని యూహింపవచ్చును. గ్లాండు బోల్టులను వదులు చేయగనే తిరిగినచో దోషము గ్లాండు తాడునందే గలదు. ఏమాత్రమును కదలనిచో తుప్పు పట్టినదని యెంచవచ్చును.

4. విప్పుటకు ముందు

పీల్చు గొట్టమును వేరుచేసి, గుల్లలోని నీటిని క్రిందకు విడిచి, చక్రపు అంచు తడియునట్లు కిరోసిను పోసి ఒక రాత్రి యుంచవలెను. కిరోసిను దొరకనిచో డీజిలైనను, తుప్పు వదల్చు నూనెయైనను చాలును. అది బావిలో పడకుండ క్రింద పాత్ర నుంచవలెను. ఆ నీటినే పశువులు త్రాగును. మరునాడు గాలిరెక్కను ముందుకు వెనుకకు కొంచెము కొంచెముగ కదలింపవలెను. పెక్కు పంపులు ఇంతటితోనే వదలును.

5. ఊడదీయు విధము

అప్పటికిని వదలనిచో గుల్ల మూతయొక్క బోల్టులను ఎదురెదురుగ వదులు చేయుచు తీయవలెను. మూతయు గుల్లయు కలియుచోట నున్న కాగితపు ప్యాకింగును పారవేయరాదు. దాని మందమును కొలుచుకొనవలెను. చక్రపు నట్టును విప్పుటకు ముందు షాఫ్టు కొసన కనబడు మరను పరిశీలింపవలెను. కొన్ని పంపులకు ఎడమచేతి మర యుండును. అట్టి నట్టు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు త్రిప్పిననే వదలును. ఇది తెలియక బలము ప్రయోగించినచో మర పోవును.

నట్టు తీసిన పిమ్మట చక్రపు బొడ్డువద్ద మరల నూనె పోయవలెను. బొడ్డునందు పుల్లరుకొరకు మర రంధ్రములున్నచో వానినే వాడవలెను. లేనిచో రెండు ఇనుప మీటలను చక్రము వెనుక సరిగా ఎదురెదురుగ నుంచి, గుల్లకు ఆనుచోట కొయ్యముక్కలు పెట్టి, రెండింటిని ఒక్కసారిగ నొక్కవలెను. తరువాత షాఫ్టును కొంచెము త్రిప్పి మరల నొక్కవలెను. ఒకవైపుననే నొక్కినచో షాఫ్టు వంగును. పోత ఇనుము గాజువలె పెళుసైనది. దాని యంచున పుల్లరు కొక్కెములు తగిలింపరాదు, సమ్మెటతో కొట్టరాదు.

అట్లును రానిచో మరుగునీటిలో ముంచిన గుడ్డను బొడ్డుకు చుట్టి, అది వేడెక్కగనే మరల నొక్కవలెను. బొడ్డు షాఫ్టుకంటె ముందు వేడెక్కి వ్యాకోచించుటవలన పట్టు సడలును. ఇత్తడి, కంచు చక్రములు ఉక్కుకంటె హెచ్చుగ వ్యాకోచించును గనుక ఇంకను సులువుగ వచ్చును. కిరోసిను పోసినచోట నిప్పును మాత్రము చూపరాదు.

6. క్రొత్త చక్రమును ఎన్నుకొనుట

పాత చక్రమును కడిగి చూడవలెను. రెక్కలు చీమలు తొలిచినట్లు గుంటలు పడియున్నచో పంపు నీటికి మిక్కిలి యెత్తున నున్నదని తెలియవలెను. మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్నది. గాలి ఒత్తిడి ఇచట తీరప్రాంతముకంటె తక్కువ. అది లెక్కకు తొమ్మిదిన్నర మీటర్ల నీటినే నిలుపగలదు. గొట్టములోని రాపిడిని బట్టి ఆరు మీటర్లకు మించి పీల్పింపకుండుట క్షేమము. పంపును క్రిందకు దింపక క్రొత్త చక్రము వేసినచో అదియు తినివేయబడును.

క్రొత్త చక్రము పాతదానివలెనే, అదే వ్యాసముతో నుండవలెను. నీరు హెచ్చుగ వచ్చునను ఆశతో పెద్దచక్రమును వేయరాదు. వ్యాసము నూటికి 10 వంతులు పెరిగినచో మోటారుపై భారము నూటికి 33 వంతులవరకు పెరుగునని లెక్క. మోటారు దానిని మోయజాలక కాలును.

7. అమర్చు విధము

షాఫ్టును సన్నని ఎమరీ కాగితముతో రుద్ది, తుడిచి, పలుచగ గ్రీజు పూయవలెను. చావి అరిగినచో మార్చవలెను. చక్రము చేతితోనే జారి కూర్చుండవలెను. కొట్టి దింపవలసి వచ్చినచో ఎచ్చటనో మురికి మిగిలినదని గ్రహింపవలెను. ప్యాకింగు పాతదాని మందమే యుండవలెను. పలుచనిది వేసినచో మూత లోపలికి జరిగి చక్రమును రాచుకొనును. క్రొత్త చక్రము బిగియుటకు ఇదియొక ముఖ్యకారణము. బోల్టులను ఎదురెదురుగ బిగించుచు, మధ్యమధ్య షాఫ్టును చేతితో త్రిప్పి చూచుచుండవలెను.

గ్లాండు తాడును ఏటవాలుగ కోసి, ఒక చుట్టు అతుకు మరియొక చుట్టు అతుకునకు ఎదురుగ రాకుండ వేయవలెను. పంపు నడుచునప్పుడు గ్లాండునుండి నీరు బొట్లుబొట్లుగ కారుచుండవలెను. ఆ తడియే తాడును చల్లబరచును. మెకానికల్ సీలు గల పంపులలో మాత్రము నీరు కారరాదు.

గుల్లను నీటితో నింపి, గాలి పోనిచ్చి, అందరు దూరముగ నిలిచిన పిమ్మట ఫ్యూజులు పెట్టి ఒక్క క్షణము నడిపి ఆపవలెను. చక్రము గుల్లపై బాణముగుర్తు చూపు దిక్కున తిరుగవలెను. ఎదురుగ తిరిగినచో కరెంటును మరల తొలగించి, మూడు తీగలలో రెండింటిని తారుమారు చేసిన సరిపడును.

8. మరల బిగియకుండుటకు

పంపు అక్కరలేని కాలమందును వారమునకొకసారి నీటితో అయిదు నిమిషములు నడుపవలెను. బావి ఎండినచో వట్టిపంపును నడుపక, గుల్లలోని నీటిని తీసివేసి, కరెంటు తొలగించి, షాఫ్టును చేతితో త్రిప్పుచుండవలెను. ఏటికొకసారి ఫుట్‌వాల్వు జల్లెడను చూడవలెను. ప్యాకింగు మందమును, చక్రపు కొలతను, మార్చిన తేదీని ఒక పుస్తకమున వ్రాసియుంచుట మంచిది.

పుల్లరు, ఎమరీ కాగితము, గ్లాండు తాడు పదిబావుల రైతులు కలసి కొనియుంచుకొన్నచో ఒక్కొక్కరికి కలుగు వ్యయము స్వల్పము. పూతమీది పైరునకు నీరు తప్పిన దినమున వాని విలువ తెలియును.