మంత్రజపము - తొలిమెట్లు

శ్రీమద్భగవద్గీత పదవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు తన విభూతులను వివరించుచు, యజ్ఞములలో జపయజ్ఞము తానేయని సెలవిచ్చినాడు. ఇతర యజ్ఞములకు ద్రవ్యము కావలెను, ఋత్విక్కులు కావలెను, దేశకాలములు కుదురవలెను. జపమునకు నాలుకయు, మనస్సును, కొంత ఓపికయు చాలును. ఇంత సులభమైన సాధనమును ఎందరో శ్రద్ధతో ప్రారంభించియు పదిదినములు గడువకముందే విడిచిపెట్టుచున్నారు. కూర్చున్నంతనే మనస్సు పరుగెత్తుచున్నదనియు, తమవంటి వారికి ఇది తగదనియు వారి నిస్పృహ. ఈ నిస్పృహకు కారణము సాధకుని అనర్హత కాదు, సాధనక్రమము తెలియకుండుటయే.

ఉపదేశము

మననము చేయువానిని రక్షించునది మంత్రమని పెద్దల నిర్వచనము. శ్రీవైష్ణవ సంప్రదాయమున అష్టాక్షరి, ద్వయము, చరమశ్లోకము అను మూడును రహస్యత్రయముగా ప్రసిద్ధములు. తాప, పుండ్ర, నామ, మంత్ర, యాగములను పంచసంస్కారములతో ఆచార్యుని సన్నిధిని వీనిని గ్రహించుట మర్యాద. అష్టాక్షరియందు ప్రణవము ఒక అక్షరము, నమశ్శబ్దము రెండు, చతుర్థీ విభక్తితో గూడిన నారాయణ పదము ఐదు, వెరసి ఎనిమిది. జీవుడు భగవంతునికే చెందినవాడని ప్రణవమును, తనకు తాను స్వతంత్రుడు కాడని నమస్సును, ఆ స్వామికి కైంకర్యము చేయుటయే పరమఫలమని తుదిపదమును బోధించుచున్నవి. ఈ అర్థము తెలిసి చేయు జపమునకును, తెలియక చేయు జపమునకును గల భేదము సామాన్యమైనది కాదు.

భగవద్రామానుజులు ఈ మంత్రార్థమునకై తిరుక్కోట్టియూరిలోని గోష్ఠీపూర్ణుల కడకు పదునెనిమిది మారులు వెళ్లిరని గురుపరంపర చెప్పుచున్నది. అంతటి మహనీయులే అన్నిమారులు గుమ్మముకడ నిలిచిరనగా, మొదటి వారమున ఫలము కానరాలేదని చింతించుట తగునా? లభించిన పిమ్మట వారు దానిని దాచుకొనలేదు. ఆలయ గోపురమునుండి భక్తులందరకు వినిపించిరి. ఓర్పు మొదటి పాఠమైనచో, ఔదార్యము రెండవ పాఠము.

ఇంకను ఉపదేశము పొందనివారు ఏమి చేయవలెను? ఆచార్యుడు లభించువరకు ఊరకుండనక్కరలేదు. గోవింద, కేశవ, నారాయణ, రామ అను దివ్యనామములను స్మరించుటకు స్త్రీ పురుష భేదముగాని, వయోనియమముగాని లేదు. పొయ్యికడ నున్న ఇల్లాలును, చేలగట్టుపై నడచు రైతును నామము చెప్పుకొనవచ్చును. మంత్రమునకు నామస్మరణమే తగిన భూమిక.

అనుష్ఠాన క్రమము

సూర్యోదయమునకు 96 నిమిషములు ముందు మొదలై 48 నిమిషములుండు బ్రాహ్మీముహూర్తము జపమునకు శ్రేష్ఠము. అది కుదరనిచో స్నానానంతరము ఏదో యొక సమయమును నిర్ణయించుకొని, దానిని మార్చకుండుట ముఖ్యము. శుచియైన చోట, మిక్కిలి ఎత్తును పల్లమును కాని స్థిరాసనముపై, వెన్ను నిటారుగా నుంచి కూర్చుండవలెను. తులసిమాలయందు 108 పూసలును, వానికి మీదుగా మేరుపూసయు నుండును. చూపుడువ్రేలు తగులకుండ మధ్యవ్రేలితోను బొటనవ్రేలితోను పూసలు జరుపవలెను. మేరువును దాటక, అక్కడినుండి మాలను వెనుకకు త్రిప్పవలెను.

జపము మూడు విధములు. ఇతరులకు వినబడునది వాచికము; పెదవులు మాత్రమే కదలునది ఉపాంశువు; మనస్సులోనే సాగునది మానసము. వీనిలో ఒకదానికంటె ఒకటి శ్రేష్ఠమని మనుస్మృతి చెప్పుచున్నది. అయినను ప్రారంభమునందే మానసమునకు పూనుకొన్నచో నిద్రయో, పరధ్యానమో కలుగును. గావున కొన్ని నెలలు మెల్లగా పలుకుచు, తన పలుకును తాను వినుచు జపించుట మేలు. అక్షరము చెదరకుండ 108 మారులు జపించుటకు ఐదారు నిమిషములు పట్టును. ఉదయ సాయంకాలములందు ఒక్కొక్క మాల తప్పక చేసినవాడు సంవత్సరమునకు 78,840 జపములు పూర్తిచేయును. ఒక్కదినమున ఇరువది మాలలు త్రిప్పి మరునాడు మానుటకంటె ఈ కొద్దిపాటి నియమమే దృఢమైనది. అయితే లెక్క నియమముకొరకే గాని, గర్వముకొరకు కాదు.

చలించు మనస్సు

ఉంగుటూరు, భీమడోలు ప్రాంతముల రైతుకు ఊడ్పులైన పిమ్మట కలుపు మొలచుట క్రొత్త విషయము కాదు. కలుపు పుట్టినదని ఎవ్వడును చేను విడిచిపెట్టడు. తీయించును, మరల పుట్టిన మరల తీయించును. జపకాలమున పుట్టు అన్యచింతలును అట్టివే. మనస్సు ఎక్కడెక్కడకు పోవునో అక్కడక్కడనుండి దానిని మరల్చి ఆత్మయందు నిలుపవలెనని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఆనతిచ్చెను. మరల్చుటయే సాధన. నూరుమారులు తొలగిన మనస్సును నూరుమారులు మరల్చినవాడు జపములో ఓడినవాడు కాడు; నూరుమారులు జపము చేసినవాడే.

కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులెన్నియో అందు కలియును. ఆ నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరు మార్గము. ఆ మార్గము పూడినచో చేలును ఊళ్లును మునుగును. మానవుని మనస్సును అంతే. అప్పులు, పంటనష్టము, బిడ్డల పెండ్లిండ్లు, రోగములు అను ప్రవాహములు అందు చేరక మానవు. వానిని రాకుండ ఆపుట గృహస్థునకు శక్యము కాదు. వానినన్నిటిని భగవంతుని వైపునకు కొనిపోవు ఒక దారిని పూడకుండ కాపాడుకొనుటయే శక్యము. ఆ దారియే జపము. జపించినంత మాత్రమున అప్పు తీరవలెననుట భక్తి కాదు, కూలి అడుగుట. జపించువాడు కష్టమున మునిగిపోకుండుటయే దాని ప్రత్యక్ష ప్రయోజనము.

కానరాని పాదములు

ఈ సీమకు ఇలవేల్పైన ద్వారకా తిరుమల శ్రీవేంకటేశ్వరస్వామి, ద్వారక మహర్షి తపస్సునకు మెచ్చి పుట్టయందు వెలసెనని స్థలపురాణము. స్వయంభూమూర్తి పైభాగము మాత్రమే దర్శనమిచ్చును. పాదములు పుట్టలో నుండుటచే కానరావు. పాదసేవకై వెనుక సంపూర్ణమూర్తిని ప్రతిష్ఠించిరి; ఆ ప్రతిష్ఠ భగవద్రామానుజులదని సంప్రదాయము. అందుచేతనే వైశాఖమునను ఆశ్వయుజమునను ఏటేట రెండు కల్యాణోత్సవములు జరుగుచున్నవి.

ప్రారంభకునకు ఇందొక హితవు గలదు. కానరానంత మాత్రమున స్వామి పాదములు లేవని ఏ భక్తుడును తలపడు. అట్లే జపఫలము మొదట కంటికి కనబడనంత మాత్రమున లేదని తలపరాదు. చీమలు రేణువు రేణువుగా తెచ్చి పుట్టను పెంచినట్లు, సాధకుడు నామము నామముగా జపమును పెంచుకొనవలెను. యాత్రకు వచ్చిన ప్రతి గృహస్థుడును ప్రసాదముతోపాటు నిత్యము ఒక్క మాల యను నియమమును ఇంటికి కొనిపోవుగాక. ఆ చిన్న నియమమును ఆ శ్రీనివాసుడే కాపాడి పెంచును.