నలుగురు మోసిన పడక

పోయేనాడు మోయడానికి నలుగురుండాలని మన పల్లెల్లో పెద్దలంటారు. మనిషి బ్రతికిన తీరును ఆ నలుగురితోనే కొలుస్తారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో కూడ నలుగురు మోసుకొచ్చిన మనిషి ఒకడున్నాడు. అయితే అతడు బ్రతికే ఉన్నాడు. కఫర్నాములో యేసు ప్రభువు ఉన్న ఇంటి ముందు జనం కిక్కిరిసి ఉండగా, ఆ నలుగురు ఇంటి కప్పు విప్పి పడకతో సహా అతణ్ణి ప్రభువు ముందుకు దించారు. ఆ పక్షవాత రోగి నోరు తెరిచి ఏమడిగాడో సువార్తికుడు వ్రాయలేదు. ప్రభువు వారి విశ్వాసాన్ని చూచాడని మాత్రం వ్రాశాడు. ఆ "వారి" అనే మాటలో మోసినవారు ఉన్నారు. ఈ వారం పాఠానికి ఆ ఒక్క మాట చాలు.

లేచి కూర్చోలేని, మాటలు రాని బిడ్డను ఇంట్లో సాకుతున్న కుటుంబాలు మన విచారణలలో ఉన్నాయి. ఆదివారం దివ్యబలిపూజలో వారిలో ఒకరు తప్పక తక్కువగా ఉంటారు. తల్లి వస్తే తండ్రి ఇంట్లో ఉంటాడు. చాలాచోట్ల తల్లే రాదు. గుడిలో కనబడనివారు మన లెక్కలోకీ రారు.

సోమల వంటి మండలంలో అలాంటి ఇంటి రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. తెల్లవారక ముందే బిడ్డ గుడ్డలు మార్చి, ఒళ్లు తుడిచి, రాగి జావ పలుచగా కాచి తాగించాలి. పడుకోబెట్టి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. కనుక ఒడిలో నిటారుగా ఆనించుకొని, తల కాస్త ముందుకు వంచి, ఒక్కొక్క చెంచా మింగినదాకా ఆగి పోయాలి. గిన్నెడు జావకు గంట పడుతుంది. తర్వాత మూర్ఛ మందు. అది ఒక్కపూట తప్పినా ఫిట్స్ మళ్లీ రావచ్చు. వీపున, తుంటిన పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. రాత్రిళ్లు కూడ మార్చాలి. ఈ మధ్యలో టమోటా కోతలకు పోతేనే కూలి. మల్బరీ ఆకు కోసి తెస్తేనే పట్టుపురుగులకు మేత. పసిబిడ్డకు ఏ తల్లి అయినా ఒకటి రెండేళ్లు చేసే చాకిరీని ఈ తల్లి పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు చేస్తుంది. అయిదేళ్ల బిడ్డను చంకనేసుకొని తిరుపతికో వేలూరుకో బస్సెక్కవచ్చు. ముప్పై కిలోల బిడ్డను ఎత్తుకొని ఎక్కడానికి ఇంకొకరి చేతులు కావాలి.

ఇంట్లో మిగతా పిల్లలుంటారు. అన్నకు ఇష్టమైన సినిమా పాట పాడితే నవ్వుతాడని కనిపెట్టేది చెల్లెలే. అన్న వల్ల స్నేహితురాళ్లను ఇంటికి పిలవలేనిదీ చెల్లెలే. రెండూ ఒకే మనసులో ఉంటాయి.

ఇంతటి బరువు మీద మనం ఇంకొక బరువు పెడుతున్నాం. "ఏ పాపం చేశారో" అనే మాట అది. క్రైస్తవుల నోట కూడ వస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఇదే అడిగారు, పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అని. రెండూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. రెండు వేల ఏళ్ల క్రితం కొట్టివేసిన ప్రశ్నను మనం పెళ్లిళ్లలో, నీళ్ల కొళాయి దగ్గర మళ్లీ మళ్లీ వేస్తున్నాం. నిజమైన కారణాలు వైద్యులకు తెలుసు. పుట్టగానే ఏడ్వక, మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం ఒకటి. నెలలు నిండక ముందు పుట్టడం, పుట్టిన రోజుల్లో కామెర్లు ముదరడం, మెదడువాపు జ్వరం మరికొన్ని. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ శరీర కణాల్లో 46కు బదులు 47 క్రోమోజోములు ఉంటాయని 1959లో వెల్లడించినవారిలో ఫ్రెంచి వైద్యుడు జెరోమ్ లెజెన్ ఒకరు. ఆయన భక్తిగల కతోలికుడు. 2021లో శ్రీసభ ఆయనను పూజ్యుడిగా ప్రకటించింది. తల్లి నడవడికకు, బిడ్డ ముఖానికి సంబంధం లేదని ఆ పరిశోధనతో తేలిపోయింది.

ఇక్కడే ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మేనమామకో, మేనత్త కొడుక్కో ఇచ్చి చేయడం మన సీమలో పాత వాడుక. దగ్గరి రక్తసంబంధంలో కొన్ని జన్యు లోపాలు బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. శ్రీసభ చట్టం 1091వ నియమం ఈ పెళ్లిళ్లను అడ్డంకిగా ఎంచడాన్ని మనవాళ్లు పట్టింపుగా చూస్తారు. మినహాయింపు పత్రం కోసం గురువుల దగ్గరికి వచ్చే ముందు ఒకసారి వైద్యుని దగ్గరికి వెళ్లడం మేలు. అయితే ఇది పెళ్లికి ముందు చెప్పవలసిన మాట. బిడ్డ పుట్టాక తల్లి ముఖం మీద అనవలసిన మాట కాదు.

ఫ్రాన్సు దేశపు నాయకుడు షార్ల్ ద గోల్ పేరు పెద్దవాళ్లకు తెలిసి ఉంటుంది. ఆయన మూడవ సంతానం ఆన్ 1928 జనవరి 1న డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. ఆ రోజుల్లో గొప్ప కుటుంబాలవారు ఇలాంటి బిడ్డలను దూరాన ఏదో ఆశ్రమంలో చేర్చి, ఊరికి తెలియకుండా దాచేవారు. ద గోల్, ఆయన భార్య ఇవోన్ అలా చేయలేదు. ఉద్యోగం లెబనానుకు మారితే బిడ్డనూ తీసుకెళ్లారు. 1940లో జర్మను సైన్యం ముంచుకొస్తున్నప్పుడు ఇవోన్ ఆ పిల్లతో, మిగతా పిల్లలతో ఓడెక్కి ఇంగ్లండు చేరింది. సొంత పిల్లల దగ్గర కూడ బిగుసుకొని ఉండే ఆ సైనికుడు ఆన్ దగ్గర మాత్రం పాటలు పాడేవాడు, ఆటలాడేవాడు. యుద్ధం ముగిశాక ఆ దంపతులు ఒక పెద్ద భవనం కొని, దిక్కులేని వికలాంగ బాలికల కోసం ఆన్ పేరిట ఒక సంస్థ పెట్టారు. తమ తర్వాత బిడ్డకు ఎవరు దిక్కు అనే బెంగ అంతటి వారికీ తప్పలేదు. 1948 ఫిబ్రవరి 6న, ఇరవయ్యేళ్ల వయసులో న్యుమోనియాతో ఆన్ చనిపోయింది. 1970లో ద గోల్ చనిపోయినప్పుడు ఆయనను కొలొంబే అనే చిన్న పల్లెలో, ఆ కూతురి పక్కనే సమాధి చేశారు.

వాళ్లకు డబ్బుంది, నౌకర్లున్నారు అని మీరనవచ్చు. నిజమే. అందుకే డబ్బులేని తండ్రి దగ్గరికి వద్దాం. మార్కు సువార్త 9వ అధ్యాయంలో ఒక తండ్రి మూర్ఛలతో నేలమీద పొర్లాడే, మాట రాని కొడుకును తెచ్చాడు. ఎన్నాళ్ల నుంచి అని ప్రభువు అడిగాడు. పసితనం నుంచి అన్నాడు. ఎన్నోసార్లు నిప్పులో, నీళ్లలో పడ్డాడని చెప్పాడు. అంటే అన్నిసార్లూ ఎవరో పరుగెత్తి పైకి తీశారన్నమాట. సువార్త ఆ సంగతి విడిగా చెప్పదు గాని, ఆ కుర్రవాడు ప్రాణంతో అక్కడికి చేరడమే దానికి సాక్ష్యం. ఆ తండ్రి వానిమీద దయ చూపమని అనలేదు, మామీద దయ చూపమన్నాడు. జబ్బు కొడుకుదైనా బాధ ఇంటిల్లిపాదిదీ. ప్రభువు వచ్చేసరికి చుట్టూ ఉన్నవారు ఏం చేస్తున్నారు? శిష్యులు, ధర్మశాస్త్ర బోధకులు వాదించుకుంటున్నారు. బిడ్డ పక్కన నిలబడి వాదించుకోవడం మనకూ అలవాటే. ఫలానా స్వస్థత కూటానికి తీసుకెళ్లలేదా అని ఒకరు, మీ ప్రార్థనలో విశ్వాసం తక్కువని ఒకరు అంటారు. ఆ తండ్రి మాత్రం తనకు విశ్వాసం ఉన్నదనీ, చాలనంత లేదనీ ఒక్క ఊపిరిలో ఒప్పుకున్నాడు. ప్రభువు దానికి అతణ్ణి గద్దించలేదు.

ఇప్పుడు కష్టమైన సంగతికి రావాలి. మన పడమటి మండలాలలోనే జరిగినవి రెండున్నాయి. 2016లో మదనపల్లె ప్రాంతపు దంపతులు కాలేయ జబ్బుతో ఉన్న పసిబిడ్డకు వైద్యం చేయించలేక, కారుణ్య మరణానికి అనుమతి ఇమ్మని కోర్టుకు వెళ్లారు. విషయం పత్రికలకెక్కాక ప్రభుత్వం ఖర్చు భరించింది, చెన్నైలో కాలేయ మార్పిడి జరిగింది. చావును కోరుతూ వెళ్లినవారు వైద్యం దొరకగానే వైద్యమే పట్టుకున్నారు. వాళ్లు మొదటి నుంచీ అడిగింది ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది. 2021 జూన్‌లో ఇంకొక తల్లి ఏళ్ల తరబడి జబ్బుతో తీసుకుంటున్న కొడుకు కోసం ఇదే విన్నపంతో పుంగనూరు కోర్టుకు వెళ్లింది. తిరుగుదారిలోనే ఆ బాబు ప్రాణం పోయింది. ఈ తల్లిదండ్రులను ప్రేమలేనివారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

హైదరాబాదులో 2004 డిసెంబరులో జరిగింది మరొక విధం. కొలవెన్ను వెంకటేశ్ చదరంగం ఆటగాడు. చిన్ననాడే కండరాలు క్షీణించే జబ్బు పట్టుకుంది. తల్లి సుజాత గారు అతణ్ణి ఇరవై అయిదేళ్ల వరకు కాపాడుకున్నారు. ప్రాణం పోకముందే తన అవయవాలు ఇతరులకు ఇవ్వాలని అతని కోరిక. తల్లి దానికోసం హైకోర్టు తలుపు తట్టారు. మెదడు మరణించక ముందు అవయవాలు తీయడానికి 1994 నాటి చట్టం ఒప్పుకోదు గనుక కోర్టు కాదన్నది. కొద్ది రోజుల తేడాలోనే అతడు చనిపోయాడు. 2022లో ఈ కథనే హిందీలో సలాం వెంకీ అనే చిత్రంగా తీశారు. శ్రీసభ అవయవదానాన్ని మెచ్చుకుంటుంది, దానికోసం ప్రాణం తీయడాన్ని మాత్రం ఒప్పుకోదు. ఆ కుమారుని మనసులోని దానగుణం దానివల్ల చిన్నది కాదు.

శ్రీసభ బోధను ఇక్కడ సరిగ్గా తెలుసుకోవాలి. సత్యోపదేశ గ్రంథం 2276 నుంచి 2279 వరకు చదవండి. బలహీనమైన ప్రాణానికి ప్రత్యేకమైన గౌరవం ఇవ్వాలి. బాధ తీర్చాలనే ఉద్దేశంతోనైనా చంపడం తప్పు. అయితే ఫలితానికి మించిన భారంగా, ప్రమాదకరంగా మారిన చికిత్సను ఆపడం హత్య కాదు. నొప్పి తగ్గించే మందులు ఇవ్వవచ్చు. మామూలు సంరక్షణ మాత్రం చివరిదాకా మానరాదు. వెంటిలేటరు తీయడమా వద్దా అని ఆసుపత్రి వరండాలో నలిగిపోయే తల్లిదండ్రులకు ఈ తేడా తెలియాలి. లేకపోతే చేయని పాపాన్ని జీవితాంతం మోస్తారు. చంపవద్దని చెప్పడం మనకు సులభం. చెప్పినవాడు ఆ రాత్రి రెండు గంటలకు లేచి పక్క మార్చడు గదా.

గురువులను చాలామంది మెల్లగా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. మా బిడ్డకు దివ్యసత్ప్రసాదం ఇస్తారా? పాఠాలు అప్పజెప్పలేడు, సంకీర్తనం చేయలేడు. 2007లో పోపు పదహారవ బెనెడిక్టు వెలువరించిన లేఖ, సాక్రమెంటుం కారితాతిస్, 58వ భాగంలో జవాబుంది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందిన మానసిక వికలాంగులకు సాధ్యమైనచోటల్లా దివ్యసత్ప్రసాదం అందించాలి. తమను వెంటబెట్టుకొని వచ్చే కుటుంబపు విశ్వాసంలో, సంఘపు విశ్వాసంలో కూడ వారు దాన్ని స్వీకరిస్తారు. కఫర్నాములో ప్రభువు చూచిన విశ్వాసం ఇదే. అభ్యంగనం ఇంకా పొందకపోతే ఆ సంగతి విచారణ గురువులతో మాట్లాడండి. శక్తిమేరకు ఇలాంటివారికి సత్యోపదేశం అందేటట్లు చూడడం విచారణ గురువు బాధ్యత అని 777వ నియమం చెబుతుంది. అప్పం మింగలేని బిడ్డకు ద్రాక్షారసం రూపంలో మాత్రమే ఇవ్వడానికి 925వ నియమంలో వీలుంది. అడగడానికి సిగ్గుపడకండి.

ఇక మోయవలసిన నలుగురి సంగతి. ఒకరు కాగితాలు చూడాలి. సదరం ధ్రువపత్రం ఉంటేనే పింఛను. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద నిరామయ ఆరోగ్య బీమా ఉంది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక చట్టబద్ధమైన సంరక్షకుని నియమించుకోవడానికి జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టాలి. మేము పోయాక ఎవరు అనే ప్రశ్నకు మొదటి మెట్టు ఇదే. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియదు. ఇంకొకరు ప్రయాణం చూడాలి, అంటే ఫిజియోథెరపీ జరిగే రోజున మండలంలోని భవిత కేంద్రానికి ఆటోలో తోడు వెళ్లడం. మూడవవారు తండ్రిని పలకరించాలి. సారాయి కొట్టు కంటె ముందు ఎవరైనా మగవాడు వెళ్లి అతని పక్కన కూర్చోవాలి. ఈ పని విన్సెంట్ డి పాల్ సభ పెద్దలకు బాగా సరిపోతుంది.

నాల్గవవారు ఆదివారం రెండు గంటలు బిడ్డ దగ్గర ఉండాలి, తల్లి పూజకు వెళ్లడానికి. ఒక్కరోజులో తల్లి నమ్మి వదలిపెట్టదు. ముందు రెండు మూడు వారాలు ఆమె ఉన్నప్పుడే వెళ్లి నేర్చుకోవాలి. జావ ఏ చెంచాతో పోస్తుంది, ఏడుపులో ఏది ఆకలి, ఏది నొప్పి అని అడగాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో చెంచా దూర్చకూడదు, నీళ్లు పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తని గుడ్డ పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. మందు సీసా ఏ అలమరలో ఉన్నదో ఆమె గుడికి బయలుదేరక ముందే చూచి పెట్టుకోవాలి.