దోమకు చెవులెక్కడ?

దీపాలు పెట్టే వేళకు కోనసీమలో ఏ అరుగు మీద కూర్చున్నా చెవి దగ్గర జుయ్యిమని మోత. ఆ మోత దోమ నోటి నుంచి రాదు. రెక్కల నుంచి వస్తుంది. ఆడదోమ రెక్కలు సెకనుకు సుమారు 400 సార్లు ఆడతాయి. మగదోమ రెక్కలు ఇంకా జోరుగా ఆడతాయి.

మరి దోమకు శబ్దం వినపడుతుందా? వినపడుతుంది. కాని మనకున్నట్టు చెవులు లేవు. తల ముందు రెండు మీసాలున్నాయి. శబ్దానికి మీసాల మీది వెంట్రుకలు అదురుతాయి. మీసం మొదట్లో గుండ్రటి బొడిపె ఉంటుంది. అందులోని నరాలు ఆ అదురును మెదడుకు చేరవేస్తాయి. అదే దోమ చెవి!

1855లో జాన్‌స్టన్ అనే అమెరికా డాక్టరు ఈ బొడిపె గురించి రాశాడు. 1874లో మేయర్ అనే శాస్త్రవేత్త దోమ దగ్గర శ్రుతి దండం మోగించి చూశాడు. మగదోమ మీసాల వెంట్రుకలు అదిరాయి.

మగదోమ మీసం ఈకలా గుబురుగా ఉంటుంది. ఆడదోమ మోత విని, జతకట్టడానికి వెళుతుంది. అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు కూడా మీసాలతోనే వింటాయి. మగ ఈగ రెక్క ఆడించి పాడుతుంది. ఆడ ఈగ వింటుంది.

మోత పెడితే పారిపోతాయా?

"అత్తయ్యా, దోమల్ని తరిమే మోత మిషను అమ్ముతున్నారు. కొందామా?"

"వద్దే అమ్మాయ్. డబ్బు దండగ."

అత్త మాట నిజమే. ఇలాంటి మిషన్లను చాలా చోట్ల పరీక్షించారు. దోమకాటు తగ్గలేదు. మగదోమ కుట్టదు, ఆకుల, పూల రసం తాగుతుంది. ఆడదోమే గుడ్ల కోసం రక్తం తాగుతుంది. మన ఊపిరిని, ఒంటి వాసనను, వేడిని బట్టి మనల్ని వెతుక్కుంటూ వస్తుంది.

కాటుతో వచ్చే కష్టం

బోదకాలు గోదావరి జిల్లాల్లో పాత జబ్బు. క్యూలెక్స్ దోమ రాత్రిపూట కుడుతుంది. ఒకరి రక్తంలోని సన్నటి పురుగుల్ని ఇంకొకరికి చేరుస్తుంది. ఆ పురుగులు రాత్రిపూటే పై రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట వచ్చి రక్తం తీస్తారు. వాళ్ళను వెనక్కి పంపకండి. కాలు వాచడానికి ఏళ్ళు పడుతుంది. బాగా వాచి గట్టిపడితే మామూలు కావడం కష్టం. ముందే మేలుకోవాలి.

ఏం చెయ్యాలి?

1. మురుగు నిలవనివ్వకండి. క్యూలెక్స్ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.
2. మురుగుగుంట పూడ్చలేకపోతే వాడేసిన ఇంజనాయిలు కొంచెం పొయ్యండి. చేపల చెరువులో, తాగే నీటిలో పొయ్యకండి.
3. కొబ్బరి చిప్పలు బోర్లించండి. వాటిలోని వాననీటిలో డెంగీ దోమ పుడుతుంది. అది పగలు కుడుతుంది.
4. రాత్రి దోమతెర కట్టుకోండి.
5. బోదకాలు మాత్రలు ఇంటికి తెస్తే, అన్నం తిని, ఇచ్చినవారి ఎదుటే మింగండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, బాగా జబ్బుపడ్డవారికి ఇవ్వరు.
6. కాలు వాచినవారు రోజూ సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకోవాలి.

చర్చించండి

మీ వీధిలో మురుగు ఎక్కడ నిలుస్తోంది? దాన్ని తీయించడానికి పంచాయతీకి అర్జీ రాయండి. కింద అందరూ సంతకాలు చెయ్యండి.