కుంగుబాటు మాత్రలు మధ్యలో ఎందుకు మానేస్తారు?

పోయిన ఏడాది శ్రావణమాసంలో ఒక గృహిణి భర్తతో కలిసి నా వద్దకు వచ్చారు. మానసిక వైద్యుడు ఇచ్చిన మాత్రలు అప్పటికి నాలుగు నెలలుగా వాడుతున్నారు. “ఇప్పుడు బాగానే ఉన్నానండీ. ఈ ఇంగ్లీషు మందులు ఇంకెన్నాళ్లు మింగను? మీరేదైనా ఇస్తే ఇవి ఆపేస్తాను” అన్నారు. నేను బ్రాహ్మీఘృతం వ్రాసి ఇచ్చాను. మాత్రల విషయంలో ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. నా మౌనాన్ని ఆవిడ అంగీకారంగా తీసుకున్నారు. దీపావళి నాటికి ఆవిడ మంచం దిగడం లేదని, స్నానం చేయమని కూడా ఒకరు చెప్పవలసి వస్తున్నదని భర్త వచ్చి చెప్పారు. ఆ తప్పులో నా పాలు ఉన్నది. ఈ వ్యాసానికి కారణం అదే.

విషాదం మన శాస్త్రానికి కొత్త కాదు. రోగాన్ని పెంచే వాటిలో విషాదమే ముఖ్యమని చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. నేటి మాత్రల చరిత్ర మాత్రం 1950వ దశకంలో మొదలైనది. ఇమిప్రమిన్ అనే మందుకు కుంగుబాటును తగ్గించే గుణమున్నదని స్విట్జర్లాండుకు చెందిన వైద్యుడు రోలండ్ కూన్ 1957లో ప్రకటించాడు. ఇప్పుడు ఎక్కువగా వ్రాసే ఫ్లూవాక్సెటిన్, సెర్‌ట్రలిన్, ఎసిటలోప్రామ్ ఆ తర్వాతి తరానివి.

ఈ మందుల స్వభావంలోనే ఒక చిక్కు ఉన్నది. గుణం కనపడడానికి 2 నుంచి 4 వారాలు, కొందరికి 6 వారాలు కూడా పడుతుంది. ఇబ్బందులు మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. వికారం, తలనొప్పి, నోరు ఎండిపోవడం, కొందరికి నిద్ర పట్టకపోవడం, మరికొందరికి మత్తు. అసలే దేనిమీదా ఆశ లేని మనిషి, మేలు చేయక కీడే చేస్తున్న మాత్రను పది రోజులకు మించి ఎందుకు మింగుతాడు? వికారం సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుందని ముందే చెప్పిన రోగి నిలబడతాడు. చెప్పని రోగి మానేస్తాడు. దాంపత్య సుఖంలో ఆసక్తి తగ్గడం మరొక ఇబ్బంది. దీనిని రోగి నోరు విప్పి చెప్పడు, వైద్యుడు అడగడు, మాత్ర మాత్రం ఆగిపోతుంది.

ఇక్కడ వంటింటి సాయం కొంత పనికివస్తుంది. మాత్రను ఆహారం తర్వాత వేసుకుంటే వికారం తగ్గవచ్చు. మజ్జిగలో కొద్దిగా అల్లం కలిపి తాగవచ్చు. నోరెండితే గుక్కెడు నీళ్లు తరచుగా తాగాలి, లేదా ఉసిరిముక్క చప్పరించాలి. నిద్ర చెడితే మాత్రను ఉదయానికి మార్చవచ్చునేమో వైద్యుణ్ణే అడగాలి. పాతికేళ్ల లోపువారిలో మాత్ర మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశమున్నది. ఇంట్లోవారు వారిని కనిపెట్టుకుని ఉండాలి. అటువంటి మాట వినిపిస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి. ప్రభుత్వ టెలీమానస్ సహాయ సంఖ్య 14416 రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

రెండవ కారణం స్వస్థత. మనసు తేలికపడగానే “జ్వరం తగ్గింది, మందెందుకు?” అనుకుంటారు. కానీ లక్షణాలు తగ్గిన తర్వాత కూడా కనీసం 6 నెలలు వాడాలి. వ్యాధి పలుమార్లు తిరగబెట్టినవారికి 2 సంవత్సరాలో, అంతకు మించో అవసరం కావచ్చు. మా గృహిణి సరిగ్గా ఈ మెట్టు దగ్గరే జారారు.

ఇక “అలవాటు పడిపోతాం” అన్న భయం. తొలి వారాల్లో ఆదుర్దా తగ్గడానికీ, నిద్రకూ వైద్యులు క్లోనజెపామ్ వంటి మాత్రను కూడా జత చేస్తుంటారు. నిజంగా అలవాటుపడేది దానికే. విచిత్రమేమిటంటే, హాయిగా నిద్రపట్టిస్తున్నదని చాలామంది దానిని ఉంచుకుని అసలు మందును వదిలేస్తారు! కుంగుబాటు మందు మద్యంలాగా ఇంకా ఇంకా కావాలనిపించేది కాదు. అయితే హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి, తలలో కరెంటు షాకు తగిలినట్లనిపించడం కలుగవచ్చు. పరాక్సెటిన్, వెన్‌లాఫాక్సిన్ ఆపినప్పుడు ఇవి ఎక్కువ. అందుకే మోతాదును వైద్యుని సలహాతో మెల్లమెల్లగా తగ్గించాలి. కొందరికి ఇందుకు నెలలు పడుతుంది. వారి బాధను భ్రమ అని కొట్టివేయకూడదు.

ఇరుగుపొరుగుకు తెలుస్తుందని మాత్రలను బియ్యం డబ్బాలో దాచుకునే ఇళ్లు నాకు తెలుసు. పెళ్లి సంబంధాల వేళ ఆడపిల్ల మందు అకస్మాత్తుగా ఆగిపోవడమూ తెలుసు. వాటికి మావంటి వారి మాట కూడా తోడవుతుంది. “అవి వేడి చేస్తాయి, మానెయ్యండి” అని ఒక్క ముక్క అంటే చాలు. నేను ఆ ముక్క కూడా అనలేదు. అయినా ఫలితం అదే అయింది.

ఇప్పుడు నా వద్దకు వచ్చే ప్రతివారినీ వాడుతున్న మాత్రల చీటీ చూపించమని అడుగుతున్నాను. నిద్రమాత్రతో అశ్వగంధ కలిస్తే మత్తు పెరగవచ్చు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే విదేశీ మూలికను ఈ మాత్రలతో కలిపితే ప్రమాదం.

ఆ గృహిణి తిరిగి ఆ మానసిక వైద్యుని వద్దకే వెళ్లారు. కోలుకోవడానికి ఈసారి మునుపటికన్నా ఎక్కువ కాలం పట్టింది. మొన్న మలబద్ధకానికి త్రిఫల అడగడానికి వచ్చారు. నేను అడగకముందే సంచిలోంచి మాత్రల చీటీ తీసి బల్లమీద పెట్టారు.