చిల్లర బాకీ వెనకవైపు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు నలభై కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో శిరివెళ్ల. నా సర్వీసులో సగం ఆ రోడ్డు మీదే ఆర్టీసీ కండక్టరుగా గడిచింది. చిల్లర లేనప్పుడు టికెట్ వెనక బాకీ రాసిచ్చేవాణ్ణి. దిగేముందు తిప్పి చూసుకున్నవాళ్లకు డబ్బులు దక్కేవి. నిద్రమొగంతో దిగిపోయినవాళ్లు మర్నాడు డిపో చుట్టూ తిరిగేవాళ్లు.

రిటైరైన మూడో ఏట మా ఇంటామె పోయింది. అన్నం వార్చడం, పప్పు ఎనపడం తప్ప నాకు వంట రాదు. బెంగళూరులో ఉండే కొడుకు వచ్చినప్పుడల్లా సంచి నిండా ప్యాకెట్లు తెచ్చి అలమరలో పేర్చి పోయేవాడు. మనవరాలేమో కాలేజీలో చేరినాక వీగన్ అయింది. నీసు మానిందంటే సరే, శనివారాలు మేమూ ముట్టం. ఈ పిల్ల పాలు, పెరుగు, నెయ్యి కూడా వద్దంటుంది. సెలవులకు వస్తే ఏం పెట్టాలో తెలియక అంగళ్ల వెంట తిరిగి, కొని, వండి, కొన్ని పారేసి నేర్చుకున్న సంగతులివి.

1. బొమ్మ ముందుంటుంది, బాకీ వెనకుంటుంది

నేను మొదట కొన్నది కొర్రల నూడుల్స్. ముందువైపు పచ్చటి చేను, బంగారు రంగు కంకి. నంద్యాలవాణ్ణి కదా, కొర్ర అంటే నాకు పక్షపాతం. సూర్యనంది లాంటి కొర్ర రకాలు మా ఊరి వ్యవసాయ పరిశోధనా స్థానంలోనే పుట్టినాయి. ఇంటికొచ్చి అద్దాలు పెట్టుకొని ప్యాకెట్ తిప్పితే, పదార్థాల్లో మొదటి పేరు గోధుమపిండి. కొర్రపిండి రెండోది, అదీ 20 శాతం. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలనేది నియమం. అందుకే మొదటి మూడు పేర్లు చదివితే ప్యాకెట్ గుట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాతివి చాలామటుకు పోపుగింజల పాటి.

2. పచ్చచుక్క వేరు, పచ్చ ‘వి’ వేరు

పచ్చ గడిలో పచ్చచుక్క ఉంటే శాకాహారమని 2001 నుంచి మనకు తెలుసు. నీసు, గుడ్డు ఉన్నవాటికి ఇప్పుడు గోధుమరంగు త్రికోణం వేస్తున్నారు. రంగులు పోల్చుకోలేనివాళ్లకు ఆకారంతోనైనా తెలియాలని మార్చినారు. పచ్చచుక్కలో పాలు, నెయ్యి, తేనె ఉండొచ్చు. అవేవీ లేని తిండికి 2022 నిబంధనలతో ఆకున్న పచ్చ ‘వి’ గుర్తు వచ్చింది.

నాకిది తెలియక ఒక సంక్రాంతికి భంగపడినాను. కనుమనాడు అహోబిలం నరసింహస్వామి పల్లకి పారువేటకు బయల్దేరి, నెలన్నర దాకా ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊర్లన్నీ తిరుగుతుంది. చెంచులక్ష్మితో తన పెండ్లికి స్వామి పిలవడానికి వస్తాడని మా నమ్మకం. ఆ పండగకని మనవరాలు వస్తే, పచ్చచుక్క చూసి కొన్న చిరుధాన్యాల బిస్కెట్లు పెట్టినా. తిప్పి చూసి పక్కన పెట్టేసింది. పాలపొడి ఉంది, తేనె ఉంది.

“నల్లమల తేనె స్వామికి అత్తగారింటిది పాపా, అది కూడా వద్దంటే ఎట్లా?” అన్నాను.

“అది తేనెటీగల ఇంటిది తాతా” అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి పదార్థాల పట్టీ కింద దళసరి అక్షరాల్లో ఉండే వాక్యం ముందు చూస్తాను. ఒంటికి పడనివాళ్ల కోసం గోధుమ, పాలు, సోయా, చెనిక్కాయల వంటివి ఉంటే అక్కడ విడిగా చెప్పాల. వీగన్‌కు కూడా అదే దగ్గరి దారి. తేనె మాత్రం ఆ వాక్యంలో ఉండదు, పట్టీలోనే వెతకాల.

3. చెడిపోకపోతే ఎందుకు చెడిపోలేదో కనుక్కో

రేకు సంచిలో వచ్చే పప్పు, రాజ్మా, పులిహోర ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుంటాయి. మందు కలిపినారని నేను వాటి జోలికే పోలేదు. తర్వాత తెలిసింది, సీలు వేసినాక సంచితో సహా ఒత్తిడిలో, సుమారు 121 డిగ్రీల ఆవిరిలో ఉడికిస్తారని. లోపలి క్రిములు చస్తాయి, బయటివి లోపలికి రాలేవు. మన కుక్కర్ చేసే పనే, మూత మాత్రం తీయరు. సరిహద్దులో సైనికులకు ఇట్లాంటి భోజనం అందించడానికి మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల చాలా కృషి చేసింది.

కాబట్టి నిలవుండేదంతా విషం కాదు. మన ఆవకాయకు ఉప్పు, నూనె కాపలా. వడియానికి ఎండ కాపలా. ఆ సంచికి ఆవిరి కాపలా. ఏ కాపలాదారు ఎంత జీతం తీసుకుంటాడనేదే చూడాల. ఆవకాయ కాపలాదారు నా బీపీ దగ్గర వసూలు చేస్తాడు.

4. ఉబ్బిన ప్యాకెట్లు రెండు రకాలు

మా నంద్యాల ఎండ సంగతి తెలిసిందే, మే నెలలో 43, 44 డిగ్రీలు. ఇడ్లీపిండి ప్యాకెట్ కొని, బజారులో ఇద్దరు పాత డ్రైవర్లు కలిస్తే మాటల్లో పడి, ఇంటికొచ్చేసరికి సంచిలో ప్యాకెట్ పూరీ మాదిరి ఉబ్బింది. భయపడి పారబోయబోతే పక్కింటామె ఆపింది. “పులిసింది పెద్దాయనా, అంతే. ఈ పూటకే దోసెలు పోసుకో” అంది. పిండి ప్రాణమున్న సరుకు. పులిసేటప్పుడు గాలి పుడుతుంది.

రేకు సంచి ఉబ్బితే మాత్రం అది వేరే లెక్క. అందులో ప్రాణమున్నదేదీ ఉండకూడదు. గాలి పుట్టిందంటే లోపల క్రిమి బతికుందన్నట్టే. వాసన చూడొద్దు, రుచి అసలే చూడొద్దు. వంద రూపాయలు పోతే పోయినాయనుకొని పారెయ్.

5. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవెయ్

ప్యాకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని మిల్లీగ్రాముల్లో రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. నా నూడుల్స్‌లో 900 మిల్లీగ్రాములు. అంటే రెండుంబావు గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒక్క గిన్నెతో దాదాపు సగం కోటా అయిపోయింది, పైన నేను ఊరమిరపకాయ కూడా నంజుకున్నా. ఇంకో మోసం కూడా ఉంది. కొన్ని ప్యాకెట్ల మీద అంకెలు వంద గ్రాములకు, కొన్నిటి మీద ఒక్కరి వంతుకు రాస్తారు. ఏ లెక్కన రాసినారో చూడకుండా అంకె నమ్మొద్దు.

6. మీల్ మేకర్‌ను పిండినకొద్దీ రుచి

సోయా ముద్దల్ని మన తెలుగువాళ్లు మీల్ మేకర్ అనే అంటారు. సోయాగింజల నుంచి నూనె తీసినాక మిగిలిన పిండిని వేడిలో, ఒత్తిడిలో తోసి చేస్తారు. వంద గ్రాముల్లో మాంసకృత్తులు 50 గ్రాముల పైనే. కందిపప్పులో దాంట్లో సగం కూడా ఉండవు. అయితే చాలామంది నానబెట్టి నేరుగా కూరలో వేస్తారు, తర్వాత పచ్చివాసన అంటారు. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో పది నిమిషాలుంచి, చల్లనీళ్లలో కడిగి, పిడికిట్లో పెట్టి పిండాల. మళ్లీ కడిగి మళ్లీ పిండాల. నీళ్లు తేటపడినాక ఎర్రగడ్డ, అల్లం, తెల్లగడ్డ, ధనియాలపొడితో వేయిస్తే మసాలా లోపలికంటా దిగుతుంది. నీళ్లతో నిండిన ముద్ద మసాలా ఎక్కడ పీల్చుకుంటుంది?

7. మాంసం వేషం చలిపెట్టెలోనే నిలుస్తుంది

కొడుకు ఒకసారి బెంగళూరు నుంచి మొక్కల మాంసం కబాబులు థర్మోకోల్ పెట్టెలో తెచ్చినాడు. బఠానీ, సోయా మాంసకృత్తులతో చేసినవి. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచాలని ప్యాకెట్ మీద ఉంది. దోవలో ఐసు కరిగిపోయింది. ఫ్రీజర్‌లో మళ్లీ గడ్డకట్టించి, రెండు రోజుల తర్వాత పెనం మీద వేస్తే పిండి మాదిరి విడిపోయింది. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదని ప్యాకెట్ మీదే ఉంది, ఆ మాట చదివేసరికి ఆలస్యమైంది. తర్వాత బెంగళూరులోనే సరిగా చేసినవి తిన్నాను. బాగున్నాయి, నాకు మటనే గుర్తొచ్చింది. మనవరాలు ఒక్క ముక్కతో ఆపింది. “మాంసం వద్దని మానుకున్నా. దాని వేషం నాకెందుకు తాతా?” అంది.

8. ప్యాకెట్ నిన్ను ఏం అడుగుతుందో చూడు

రవ్వ ఇడ్లీ పొడిలో పాలచుక్క లేదు. కానీ పెరుగు పోసి కలపమని వెనక రాసుంది. మనవరాలు నన్ను కూర్చోబెట్టి చెనిక్కాయ పెరుగు చేసింది. విత్తనాలు రాత్రి నానేసి, పొద్దున రుబ్బి, బట్టలో వడగట్టి, ఆ పాలు కాచింది. గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పచ్చిమిరపకాయల తొడిమెలు వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి పెట్టింది. మరుసటి రోజు పొద్దున్నే మూత తీస్తే తోడుకుంది. పైన లేత పసుపు మీగడ మాదిరి పొర, కింద మెత్తటి గడ్డ. కొంచెం చెనిక్కాయ వాసన ఉంది, పులుపు సరిపోయింది. ఇడ్లీలు బాగా పొంగినాయి.

అదే రోజు సాయంత్రం ఆకలేస్తే బొరుగులు తడిపి, పిండి, పోపులో వేసి, పప్పుల పొడి చల్లి ఉగ్గాని చేసినా. పది నిమిషాలు పట్టింది. పచ్చ ‘వి’ గుర్తు లేకుండానే మన సీమలో తరతరాలుగా వీగన్ ఫలహారం ఉందని ఇద్దరం నవ్వుకున్నాం.

9. నా టిఫిన్ డబ్బా వెనకవైపు

ఆళ్లగడ్డకు ఐదు గంటల బస్సు నా డ్యూటీ అయితే, మా ఇంటామె మూడున్నరకు లేచేది. జొన్నరొట్టెలు తట్టి, చెనిక్కాయ పొడి పొట్లం కట్టి, ఒక ఎర్రగడ్డ పెట్టి డబ్బా మూసేది. మూత తీయడం, తినడమే నా పని. నాకది రెడీ టు ఈట్. అన్నేళ్లలో ఒక్కనాడూ దాన్ని వెనక్కి తిప్పి చూడలేదు. ప్యాకెట్లు ఆడవాళ్లను సోమరుల్ని చేస్తున్నాయని బస్సులో ఎవరైనా అంటే తలూపినవాణ్ణి నేను. వాటి విలువేందో ఇప్పుడు నా వంటింట్లో నాకు తెలిసింది. ఒంట్లో బాగలేనిరోజు రేకు సంచి పప్పు నన్ను ఆదుకుంది. దానికి నేను వంకలు పెట్టను. రోజూ తిననంతే.

ఆమె పొడి మాత్రం నేర్చుకున్నా. మూడుసార్లు మాడ్చినాక కుదిరింది. కిందటి నెల మనవరాలికి ఒక సీసా ఆర్టీసీ కార్గోలో పంపినా. చీటీ మీద బరువు వరసలోనే రాసినా: చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు. తేదీ వేసినా. స్కెచ్ పెన్నుతో ఆకున్న పచ్చ ‘వి’ కూడా గీసినా.

సీసా అందినాక ఫోన్ చేసింది. “అన్నీ ఉన్నాయి గానీ తయారీదారు పేరు లేదు తాతా. చట్టం ఒప్పుకోదు” అంది.

“రాసుకో” అన్నాను. “తయారీ మీ అవ్వ. ప్యాకింగ్ మాత్రం నేను.”