మాటల చుట్టరికం

రెండు భాషలలో ఒకే విధంగా వినిపించే మాట కనబడగానే ఆ భాషలకు బంధుత్వమున్నదని భావించడం మానవ సహజం. ఆ భావన ఎంతవరకు సమంజసమో 'కుమ్' అనే చిన్న మాట తేటతెల్లం చేస్తుంది.

ఆగ్నేయ ఐరోపాలోని ఉత్తర మాసిడోనియా దేశపు ప్రధాన భాష మాసిడోనియన్. ఇది స్లావిక్ భాషలలో దక్షిణ శాఖకు చెందినది. ఈ భాషలో 'కుమ్' అంటే వివాహానికి ప్రధాన సాక్షిగా నిలిచే వ్యక్తి. శిశువు జ్ఞానస్నానవేళ తండ్రివలె బాధ్యత స్వీకరించే వ్యక్తి. రక్తసంబంధం లేకపోయినా అతడు ఆ ఇంటికి ఆత్మబంధువు. 'సహపిత' అనే అర్థంగల లాటిన్ పదం నుండి ఈ మాట పుట్టిందని పలువురు పండితుల అభిప్రాయం.

సైబీరియాలో ఓబ్, తాజ్ నదుల పరీవాహక ప్రాంతాలలో చేపలవేట, జంతువులవేట జీవనాధారంగా బతికినవారు సెల్కుప్ ప్రజలు. వారి భాష యురాలిక్ కుటుంబంలోని సమొయెదిక్ శాఖకు చెందినది. అందులో 'కుమ్' అంటే మనిషి. దీనిలోని కకారం కొండనాలుక దగ్గర పలుకుతుంది. ఉత్తర మాండలికంలో పదాంత మకారం పకారంగానూ వినిపిస్తుంది. అందువల్ల 'కుమ్', 'కుప్' ఒకే మాటకు రెండు రూపాలు. 'సెల్కుప్' అనే జాతినామం చివర నిలిచినది ఈ 'మనిషే'.

సెల్కుప్‌ల పొరుగువారైన రష్యన్ల భాషలోనూ 'కుమ్' ఉన్నది. అది మాసిడోనియన్ మాటకు తోబుట్టువు. కనుక సెల్కుప్‌లు దానిని అరువు తెచ్చుకున్నారని ఎవరైనా తొందరపడవచ్చు. కాని మనిషిని మనిషి అనడానికి ఏ జాతీ పొరుగువారి మాటకై వేచి ఉండదు. పైగా ఆ కకారం, ఆ మకార పకారాల మార్పిడి సెల్కుప్ భాష సొంత లక్షణాలు. నోరు పలికే ధ్వనులు పరిమితం, చెప్పవలసిన భావాలు అనంతం. పొట్టి మాటలు యాదృచ్ఛికంగా కలవడంలో వింత లేదు.

మరి నిజమైన చుట్టరికాన్ని గుర్తించేదెలా? కన్నడంలో 'కివి' తెలుగులో 'చెవి'. అక్కడ 'కెరె' ఇక్కడ 'చెరువు'. ఇ, ఎ అచ్చులకు ముందున్న పూర్వపు కకారం తెలుగులో చకారమైంది. పోలిక కంటె ఇట్టి క్రమబద్ధమైన భేదమే బలమైన సాక్ష్యం. 1816లో ఎల్లిస్, క్యాంప్‌బెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి అనుబంధించిన వ్యాసంలో, ధాతువులను పరిశీలించి తెలుగు, తమిళ, కన్నడాలు ఒకే కుటుంబానికి చెందినవని, సంస్కృత జన్యాలు కావని నిరూపించాడు.

2010 జనగణన నాటికి సెల్కుప్ మాట్లాడేవారు సుమారు వేయిమంది మాత్రమే. తమను తాము మనుషులుగా చెప్పుకొన్న మాటనే అరువు సొమ్ముగా లెక్కగట్టడం ఆ కొద్దిమంది చరిత్రను చెరిపివేయడమే అవుతుంది. చెవికి తోచినది ఊహ మాత్రమే. దానిని శాస్త్రపు గీటురాయిపై పరీక్షించడం విద్యార్థి కర్తవ్యం.

అర్థాలు
సమంజసం = తగినది
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
జన్యం = పుట్టినది
గీటురాయి = బంగారాన్ని పరీక్షించే రాయి

ప్రశ్నలు
1. 'కుమ్' అనే మాటకు రెండు భాషలలోని అర్థాలను వివరించండి.
2. భాషల బంధుత్వాన్ని నిర్ణయించే పద్ధతిని సోదాహరణంగా రాయండి.