గుమ్మం బయట నిలబడిన అన్న

వాక్యభాగం: లూకా సువార్త 15:11–32



మీ వాళ్ళు లోపల మంచం మీద ఉన్నారు. మీరు వరండాలో కూర్చుని, డాక్టరుగారు రౌండ్స్‌కి ఎప్పుడు వస్తారా అని ఎదురుచూస్తూ ఈ పుస్తకం తిరగేస్తున్నారు. మీరు ఏ మతం వారైనా సరే, ఈ కొద్ది సమయంలో యేసు ప్రభువు చెప్పిన ఒక కథను కలిసి ధ్యానించుదాం. ఇది తప్పిపోయిన కుమారుని కథ. మీలో చాలామంది విన్నదే. అయితే ఈసారి తమ్ముని గురించి మాత్రమే కాక, అతని అన్న గురించి కూడా ఆలోచిద్దాం. ఎందుకంటే ఆసుపత్రి వరండాలో నేను ఎక్కువగా చూసేది అన్నలనే.

ఒక రాత్రి డ్యూటీలో

కొన్ని సంవత్సరాల క్రితం ఒక రాత్రి ముప్పై ఐదేళ్ళ మనిషిని ఆటోలో తీసుకువచ్చారు. రక్తపు వాంతులు. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. త్రాగుడు వలన కాలేయం చెడిపోయింది. అంతకుముందు రెండుసార్లు మా వార్డులోనే ఉండి, ఇక ముట్టనని మాట ఇచ్చి వెళ్ళినవాడే. సెలైన్ పెడుతూ నేను, "మళ్ళీ వచ్చావా? మా మాట వింటే కదా!" అన్నాను. అతడు ఏమీ అనలేదు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

అతనికి రక్తం ఎక్కించాలి. బయట అతని అన్న నిలబడి ఉన్నాడు. రక్తానికి బదులు రక్తం ఇవ్వాలని చెప్పగానే చొక్కా చేయి పైకి మడిచి, "తీసుకోండి సిస్టరమ్మా" అన్నాడు. రక్తం ఇచ్చాడు, డబ్బు కట్టాడు. లోపలికి వచ్చి ఒకసారి పలకరించమంటే మాత్రం రానన్నాడు. "వాడి కోసం అరెకరం అమ్మాను. మా అమ్మ వాడి దిగులుతోనే పోయింది. బిల్లు కడతానమ్మా, ముఖం మాత్రం చూడను" అన్నాడు.

ఆ రాత్రి చార్టు రాస్తుంటే నాకు ఈ ఉపమానం గుర్తుకు వచ్చింది. గుమ్మం బయట ఉన్నది అతడొక్కడే కాదు, లోపల మంచం ప్రక్కన సూది పట్టుకున్న నేను కూడా బయటే ఉన్నానని తెలిసింది.

ఈ కథ ఎవరికి చెప్పబడింది?

సుంకరులు, పాపులు యేసు దగ్గరకు వస్తుంటే పరిసయ్యులు, శాస్త్రులు సణుగుకొన్నారు. వారికి జవాబుగా ప్రభువు మూడు ఉపమానాలు చెప్పాడు. నూరు గొర్రెలలో తప్పిపోయినది ఒకటి, పది వెండి నాణెములలో పోయినది ఒకటి, ఇద్దరు కుమారులలో తప్పిపోయినవాడు ఒకడు. అంటే ఈ కథ తమ్ముళ్ళ గురించి అయినా, వినవలసినది సణుగుకొనే అన్నలే.

పాపం అంటే ఏమిటి?

చిన్నవాడు తండ్రి బ్రతికి ఉండగానే తన భాగం అడిగాడు. ధర్మశాస్త్రం ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్ళు (ద్వితీయోపదేశకాండము 21:17). కాబట్టి ఇద్దరే కుమారులైతే చిన్నవానికి వచ్చేది మూడో వంతు. అలా అడగటం, "నాన్నా, నీవు ఉన్నా లేకపోయినా నాకు ఒకటే, ఆస్తి ఇస్తే చాలు" అన్నట్టే. దూరదేశం వెళ్ళాడు, అంతా ఖర్చు చేశాడు, కరువు వచ్చింది, చివరకు పందులు మేపాడు. యూదులకు పంది అపవిత్రమైన జంతువు. అంతకంటే దిగజారడానికి లేదు. డబ్బు పోవడం, ఒళ్ళు పాడవడం తరువాత జరిగినవి. మొదట జరిగింది తండ్రికి దూరం కావడం. పాపానికి మూలం అక్కడే ఉంది.

కృప అంటే ఏమిటి?

కూలివానిగా పెట్టుకొమ్మని అడగాలని కుమారుడు ముందే అనుకున్నాడు. అయితే తండ్రి అతన్ని దూరం నుండే చూసి, పరుగెత్తి వెళ్ళి కౌగిలించుకున్నాడు. కుమారుడు తన పాపం ఒప్పుకున్నాడు గానీ, కూలి మాట ఎత్తేలోపే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పించాడు. కూలివానికి ఉంగరం ఎవరూ పెట్టరు. అర్హత చూసి ఇచ్చేది జీతం. అర్హత లేకపోయినా ప్రేమతో ఇచ్చేది కృప.

అన్న దగ్గరకు కూడా తండ్రి వచ్చాడు

పొలం నుండి వచ్చిన అన్న కోపంతో ఇంట్లోకి వెళ్ళలేదు. తండ్రి అతని కోసం కూడా బయటకు వచ్చి బ్రతిమాలాడు. అన్న "నా తమ్ముడు" అనలేదు, "నీ కుమారుడు" అన్నాడు. తండ్రి మెల్లగా "నీ తమ్ముడు" అని సరిచేశాడు. అన్న పడిన కష్టాన్ని తండ్రి కాదనలేదు. తనకున్నదంతా అతనిదే అన్నాడు.

అలసిపోయిన కుటుంబీకులారా, మీ కష్టం కూడా దేవునికి తెలుసు. మీ కోపానికి కారణం ఉంది. అయినా ఆ కోపంతోనే గుమ్మం బయట ఉండిపోవద్దని ఆయన బ్రతిమాలుతున్నాడు.

క్షమించడం అంటే అడిగినదంతా ఇవ్వడం కాదు

ఒక సంగతి గమనించండి. తండ్రి దూరదేశానికి డబ్బు పంపించాడని కథలో లేదు. తిరిగి వచ్చినవానిని మాత్రం పరుగెత్తి చేర్చుకున్నాడు. కాబట్టి క్షమించడం అంటే త్రాగడానికి డబ్బు ఇవ్వడం కాదు, దెబ్బలు భరించడం కాదు, జరిగినది దాచిపెట్టడం కాదు. మనిషిని మనవాడే అని ఒప్పుకోవడం.

కుటుంబీకులు తెలుసుకోవలసినవి

1. రోజూ ఎక్కువగా త్రాగేవారిని ఇంట్లో బంధించి ఒక్కసారిగా మాన్పించకండి. ఆపిన కొద్ది గంటలకే వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి రావచ్చు. మొదటి 2 రోజులలో ఫిట్స్ రావచ్చు. 2, 3 రోజులకు మతి చెదిరి లేనివి కనిపించవచ్చు. ఇది ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

2. త్రాగుడు వ్యసనం వైద్యం అవసరమైన రోగం కూడా. మళ్ళీ మొదలుపెట్టాడంటే చికిత్స మళ్ళీ ప్రారంభించాలని అర్థం, మనిషిని వదిలేయాలని కాదు.

3. రక్తపు వాంతి, నల్లని విరేచనం, మత్తుగా పడి ఉండటం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

4. కాలేయ జబ్బు ఉన్నవారంతా త్రాగుబోతులు కారు. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వలన, కొవ్వు చేరడం వలన కూడా కాలేయం చెడుతుంది. గ్రుడ్డివాడైన మనిషిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వాడు గానీ వాని తల్లిదండ్రులు గానీ కారణం కాదని యేసు చెప్పాడు (యోహాను 9:1–3). ప్రక్క మంచం వారికి తీర్పు తీర్చకండి.

5. వ్యసన విముక్తి సలహా కోసం 14446 అనే జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. వాటికి రుసుము లేదు.

ఆ అన్న లోపలికి వచ్చాడా?

తెల్లవారి డ్యూటీ దిగే ముందు నేను ఆ మంచం దగ్గరకు వెళ్ళి, "రాత్రి అలా అన్నందుకు క్షమించు బాబూ" అన్నాను. అతడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మూడో రోజు అన్న ఫ్లాస్కుతో పాలు తెచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. పాలు గ్లాసులో పోసి తమ్ముడి చేతికి ఇచ్చాడు.

ఆ మనిషి పూర్తిగా మారిపోయాడని నేను చెప్పలేను. కొన్ని నెలల తరువాత మళ్ళీ త్రాగి వచ్చాడు. అయితే ఆసారి అన్నే చేయి పట్టుకుని నడిపించుకుంటూ వార్డులోకి తీసుకువచ్చాడు.

యేసు చెప్పిన కథలో అన్న ఇంట్లోకి వెళ్ళాడో లేదో చెప్పబడలేదు. ఆ జవాబు మనమే ఇవ్వాలి.

ఆలోచించండి

నేను ఖర్చు భరిస్తూ మాట మానేసినవారు ఎవరైనా ఉన్నారా?
నాకు దేవుడు, మనుష్యులు క్షమించినవి ఎన్ని?
ఈ రోజు లోపలికి వెళ్ళి నేను చెప్పగల ఒక్క మంచి మాట ఏమిటి?

ప్రార్థన: తండ్రీ, మా కోపము నీకు తెలుసు, మా అలసట నీకు తెలుసు. మమ్మును క్షమించినట్లు మేమును క్షమించుటకు కృప దయచేయుము. మంచం మీద ఉన్న మా వారిని స్వస్థపరచుము. గుమ్మం బయట ఉన్న మమ్మును లోపలికి నడిపించుము. ఆమేన్.